నాలుగో చక్రానికి మర

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మనవరాలి పలక మీద దిద్దుకున్నాను. అప్పటినుంచి చాలా రాశాను గాని ఇది రాయలేదు. ఇందులో నేను మంచిదాన్ని కాను. ముందే చెబుతున్నాను, తర్వాత నొచ్చుకోవద్దు.

పంతొమ్మిది వందల ముప్పయి అయిదో, ముప్పయి ఆరో. కొల్లేరు పొంగి మా లంకలో గుడిసె కొట్టుకుపోయింది. మొగుడు అంతకుముందే పోయాడు. చచ్చి కాదు, ఇంకొకదానితో. నేనూ మా అమ్మా ఏలూరొచ్చి ఒక మోతుబరి ఇంట్లో పనికి కుదిరాం. పశువుల పాక పక్కన చిన్న కొట్టుగది ఇచ్చారు. ఇద్దరం పడుకుంటే ఒకరి కాళ్ళు ఒకరికి తగిలేవి. నాది ఇల్లు ఊడవడం, అంట్లు తోమడం. అమ్మకి చూపు మసక, తిరగలి దగ్గర కూర్చుని పప్పు విసిరేది. తిండి వాళ్ళు పెట్టిందే. ఆ గది పోతే మాకింకో చోటు లేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఆ ఇంటి అల్లుడిది తాడేపల్లిగూడెం. మద్రాసులో పరీక్ష తప్పి, తండ్రికి మొహం చూపించలేక అత్తారింట్లో దిగాడు. దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు. అమ్మగారు, అంటే ఆయన అత్తగారు, ఆయన ఎదటపడేది కాదు. ఆయన మూడడుగుల దూరంలో ఉన్నా తలుపు చాటునుంచి "బాబుగారు కాఫీ పుచ్చుకున్నారేమో అడుగు" అని నాతో అనేది. నేను ఆయన్నడిగి, ఆయన చెప్పింది మళ్ళీ తలుపుకి చెప్పాలి. ఆయన తుమ్మితే వెళ్ళేవాళ్ళు ఆగిపోవాలి. ఆ ఇంట్లో అల్లుడంటే అదీ.

ఒకరోజు స్టేషన్ నుంచి ఆయన పేర పార్సిల్ వచ్చింది. పెట్టె మూత తీస్తే అట్ట గదుల్లో రేకు ముక్కలు, సన్న కడ్డీలు, రబ్బరు చక్రాలు, మరలు, ఒక తాళంచెవి. మూత మీద ఎర్ర కారు బొమ్మ. తెల్లవాళ్ళ సీమలో పందేల్లో పరిగెత్తే కారుట. అసలు కారులో ఏది ఎంతుంటుందో ఇందులో అది అంతకి తగ్గట్టే చిన్నదిగా ఉంటుందిట. కాగితం చూసి ముక్కలన్నీ మనమే బిగించుకోవాలి. తాళం తిప్పి వదిలితే పరిగెడుతుంది.

పాలేరు వంగి బొమ్మ చూశాడు. "ఏవండీ బాబుగారూ, ఇందులో ఒక్కరికే చోటుందేంటండీ? మరి మా చిన్నమ్మగారెక్కడ కూచుంటారండీ?"

"పందెం కారురా ఇది. పెళ్ళాన్ని ఎక్కించుకుంటే ఓడిపోతాం."

తలుపు చాటున అమ్మగారు కిసుక్కున నవ్వింది. చిన్నమ్మగారు, ఆయన భార్య, నవ్వలేదు.

ఇక ఆయన బిగింపుకి కూర్చుంటే వసారాలో ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చకూడదు. తెల్లదుప్పటి పరిచి, మరలన్నీ ఇత్తడి పళ్ళెంలో పోసి, నన్ను పళ్ళెం పట్టుకు నిలబడమనేవాడు. కాగితంలో ఇంగ్లీషు పైకి చదివేవాడు. అర్థం కాకపోతే నన్ను తిట్టేవాడు. "జరగవే అవతలికి. కొల్లేటి చేపల కంపు. నా కారుకంటుకుంటుంది." పళ్ళెం పట్టుకుని ఎంత దూరం జరగను?

ఒకసారి అమ్మ గోడ పట్టుకుని పోతూ చూపానక దుప్పటి అంచు తొక్కింది. మరలు బిగించే ఇనపపుల్లతో అమ్మ పాదం మీద కొట్టాడు. గట్టిగా ఏమీ కాదు. వంటింట్లోకొచ్చిన పిల్లిని కొట్టినట్టు. అమ్మ "తప్పయిపోయింది బాబూ" అంది. చేతులు జోడించింది కూడాను, ఆయన లేని పక్కకి తిరిగి.

చక్రాలు నాలుగు, వాటికి మరలు నాలుగు. మూడు బిగించాక నాలుగో మర పళ్ళెంలో లేదు. మిరియపు గింజంత ఉంటుంది. "మర పోయింది! ఈ గుడ్డిదీ దీని కూతురూ కలిసి పారేశారు!" అని అరిచాడు. దీపాలు పెట్టేవరకూ ఇల్లంతా వెతికాం. దొరకలేదు.

దీపాలు పెట్టాక ఊడ్చిన చెత్త బయట పొయ్యకూడదు, లక్ష్మి పోతుందంటారు. ఆ సాయంత్రం ఊడ్చింది తలుపు మూల పోగేశాను. పొద్దున చేటలోకి ఎత్తుతుంటే నల్లగా ఒకటి దొర్లింది. అదే. ఆయన అప్పటికే లేచి, బల్లకింద తల పెట్టి, పిర్రలు పైకెత్తి వెతుకుతున్నాడు. నాలుగడుగులు వేసి చేతిలో పెడితే అయిపోయేది. కాని ఆయన అలా పాకుతుంటే చూడ్డానికి నాకు బాగుంది. వెతుక్కోనీ అనుకున్నాను. కొంగున ముడేసుకున్నాను.

ఒక్క రోజాగి ఇచ్చేద్దామనే అనుకున్నాను. మర్నాడు ఇంకో రోజు ఆగాలనిపించింది.

మూడో రోజు కారు పూర్తయింది.

నేను నమ్మలేదు. నాలుగు చక్రాలూ ఉన్నాయి. తాళం తిప్పి వదిలాడు. గిర్రున పోయి వసారా చివర స్తంభానికి కొట్టుకుని వెల్లకిలా పడింది. పాలేరు చప్పట్లు కొట్టాడు. పడ్డాక కూడా చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. అవి ఆగాక చూశాను. మూడింటి నడుమ నల్లటి మరలు. నాలుగోదాని నడుమ పచ్చగా మెరుస్తోంది. ఏ ఇత్తడి మరో దొరికిందనుకున్నాను.

చిన్నమ్మగారికి చెవి పుండైతే, దుద్దులు తీసి గూట్లో పెట్టుకుని చెవిలో వేపపుల్ల పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం చెవి నయమైందని గూట్లో చెయ్యి పెట్టింది. ఒక దుద్దుకి వెనక బిగించే బంగారు మర లేదు.

"అమ్మా, నా మర పోయింది!"

మర అన్న మాట వినగానే నా చెయ్యి నా కొంగు మీదకి పోయింది. ఆవిడంటున్నది వేరే మర అని తర్వాత తెలిసింది. ఆ తర్వాత నాలుగో చక్రం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పెదవేగినుంచి బియ్యం మంత్రించే ముసలాయన్ని పిలిపించారు. మంత్రించిన బియ్యం తలో గుప్పెడు నమలాలి. దొంగ నోరు ఎండిపోయి బియ్యం పొడిపిండిలా వస్తుందంటారు. దొర నోట తడిగా వస్తుంది.

"ముందు కొంగులు దులపండే" అంది అమ్మగారు తలుపు చాటునుంచి.

పాక వెనక్కి పోయి ముడి విప్పి, ఇనప మర నాలుక కింద పెట్టుకున్నాను. వచ్చి కొంగు దులిపాను. ఏమీ రాలలేదు.

ముగ్గుర్ని వరసగా నిలబెట్టారు. పాలేరు నోరు పొగాకుతో ఎప్పుడూ చెరువే, వాడి బియ్యం ముద్దగా పడింది. తర్వాత నేను. ఇనుము నాలుక కింద ఉంటే ఉమ్ము ఊరుతూనే ఉంటుంది, మింగినా ఊరుతుంది. నేను ఆకులో ఉమ్మింది గంజిలా ఉంది. ముసలాయన "శుభ్రం" అన్నాడు.

తర్వాత అమ్మ. అమ్మ చాలాసేపు నమిలింది. దవడలు ఆడుతున్నాయి గాని నోట్లో ఏమీ జరగడం లేదు. దగ్గొచ్చింది. తెల్లగా పిండి ఎగిరి ఆవిడ గడ్డం మీదే పడింది.

"కళ్ళు కనపడవు గాని బంగారం మాత్రం కనపడిందిటే?" అంది అమ్మగారు. పాలేరు నవ్వాడు. అమ్మ "గూడెక్కడుందో కూడా ఎరగనండి అమ్మగారూ" అంటోంది, నోట్లో పిండితోనే. సగం మాట వచ్చింది.

అల్లుడు కుర్చీలో కూర్చుని, కారు ఒళ్ళో పెట్టుకుని, వేలితో చక్రం తిప్పుతున్నాడు. ఆయన్ని నమలమని ఎవరంటారు?

నేను మరని దవడలోకి తోసుకున్నాను. "అమ్మగారూ, బాబుగారి కారుకి నాలుగో చక్రం చూడండి" అన్నాను.

అమ్మగారు తలుపు దాటి వచ్చింది. అల్లుడి ఎదటికి ఆవిడ రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. వంగి చూసింది. ఆ దుద్దులు దగ్గరుండి చేయించింది ఆవిడే. ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. పమిట చెంగు తీసి, అన్నం మీద ఈగలు వాలకుండా కప్పినట్టు, కారు మీద కప్పింది.

"ఇత్తడి" అంది.

"పెట్టెలో వచ్చిందేనండీ" అన్నాడు అల్లుడు, కారు కేసి చూస్తూ.

"ఏమ్మా, నువ్వు చూశావుగా. ఇత్తడేనా?" అంది అమ్మగారు కూతురితో.

చిన్నమ్మగారు చెవిలో వేపపుల్ల ముట్టుకుంది. మొగుడి మొహం చూసింది. "ఇత్తడేనమ్మా."

"ఇత్తడేనండి" అన్నాడు పాలేరు, ఎవరూ అడక్కుండానే.

సాక్ష్యం నా దవడలో ఉంది. తీసి అరచేతిలో పెట్టి, ఇదిగో మీ పెట్టెలో వచ్చిన మర, మరి అదేమిటి అంటే, ఇత్తడన్న నోళ్ళు ఏం చేసేవో. కాని ఇది నీ దగ్గరెందుకుందంటారు. మూడు రోజులు దాచిందానివి బంగారం దాచవా అంటారు. ఇద్దర్నీ గెంటుతారు. నేను ఆలోచిస్తుండగానే అమ్మగారు అంది: "ముసల్దాన్ని ఇవాళే పంపించెయ్. నువ్వుండు. నీ బియ్యం తడిగా ఉంది."

నేను నోరు విప్పలేదు.

మధ్యాహ్నానికి అమ్మని నడిపించుకుని రేవుకి పోయాను. లంకలో మా పిన్ని గుడిసె నిలబడింది, అక్కడ దింపాలి. దోనెలో అమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది. తర్వాత అంది:

"అమ్మాయ్, నేనేదన్నా తీశానంటావా?"

"లేదే."

"మరి నా నోరెందుకు ఎండింది? మంత్రం అబద్ధమాడదుగా. కళ్ళు లేనిదాన్ని, ఎప్పుడేం ముట్టుకున్నానో."

నేను పక్కకి వంగి దవడలో మరని నీళ్ళలోకి ఉమ్మాను. చప్పుడు కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఏలూరు తిరిగొచ్చి పనిలోకి వెళ్ళాను. వారం తిరక్కుండా చిన్నమ్మగారి రెండు చెవులకీ దుద్దులొచ్చాయి. కారు మూడు చక్రాలతో వసారా మూల ఒరిగి ఉంది. నేను దాని చుట్టూ ఊడ్చాను. కొట్టుగదిలో ఇప్పుడు కాళ్ళు బారజాపుకోవచ్చు.

నెలకోసారి అమ్మకి బియ్యం పట్టుకెళ్ళేదాన్ని. మూట విప్పగానే చారెడు నోట్లో పోసుకుని నమిలేది. అరచేతిలోకి ఉమ్మి, కళ్ళకి ఆనించుకుని చూసేది. కనపడక చెయ్యి నా మొహం ముందు పెట్టేది.

"తడిగా ఉందా?"

"ఉందే."

"మరి ఆ రోజెందుకే?"

"ఏమోనే" అనేదాన్ని. బతికున్నన్నాళ్ళూ అడిగింది. బతికున్నన్నాళ్ళూ అదే చెప్పాను.