బండ మీద నీళ్ల రాత

మా బాపు కామారెడ్డిలో దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక దుబాయి వెళ్లి, గదిలో తోడున్న ముసలి చైనా వంటాయన దగ్గర కుంచె రాత నేర్చుకున్నాడు. అందరూ దుబాయి నుంచి బంగారం తెస్తే మా బాపు కుంచె తెచ్చాడు. ఎల్లారెడ్డిలో మా ఇంటి షాబాద్ బండల మీద పొద్దున్నే నీళ్లతో ఒకే చైనా అక్షరాన్ని అయిదు రకాలుగా రాసేవాడు. చెయ్యి ఎత్తకుండా పరుగెత్తేది గడ్డి రాత. అన్నిటికంటే పాతది ముద్రల మీద చెక్కే రాత, అందులో అక్షరం ఇంకా బొమ్మలాగే ఉంటుంది. నాకు ఆ పిచ్చి అంటుకోలేదు.

పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి బాపుకు కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. పక్కింటి అవ్వ వచ్చి, "గాలి తగలనియ్యకు బిడ్డా, తలుపు మూసే ఉంచు," అంది. మా వైపు అట్లాగే చూసుకుంటారు. నేనూ మూశాను.

చీకటి గదిలో బాపు ఎడమ వేలు చెంబులో ముంచి, పరుపు పక్క బండ మీద రాయడం మొదలుపెట్టాడు. ముందు గడ్డి రాత. నేను వంగి చూసేలోపు ఆరిపోయేది. రోజులు గడిచేకొద్దీ వేలు నెమ్మదించింది, రాతా నిదానిస్తూ పాతకాలం వైపు మళ్లింది. గడ్డి రాత పోయి నడక రాత, అదీ పోయి నిలువు రాత, ఆ తర్వాత పాతకాలపు గుమాస్తాల రాత. అక్షరం ఒక్కటేనని తెలుస్తోంది గానీ, చివరి గీత పడేసరికి మొదటిది ఎండిపోయేది.

"ఏం గావాలె బాపు, జర సైగ చెయ్యి," అని విసుక్కునేదాన్ని.

ఆయన నా ముఖం చూసేవాడు కాదు. మనిషి మా నుంచి వెనక్కి ఎటో నడిచిపోతున్నాడనిపించేది.

ముసురు పట్టిన రోజు బండ ఆరలేదు. ఆ రోజు రాసింది ముద్రల రాత. పక్కపక్కనే రెండు రెక్కలు, ఒక్కోదానికి ఒక నిలువు కంబం. చిన్నపిల్లలైనా చెప్పగలరు, అది తలుపు.

గొళ్లెం తీశాను. వాకిట్లో వాన తప్ప ఎవరూ లేరు. బాపు నన్ను దాటి చూశాడు, ముఖం విప్పారింది. ఇన్నాళ్లూ పరుపు మీద పక్కకు కదలని మనిషి మోచేయి ఆనించి గోడవైపు జరిగాడు. పక్కన ఒకరు కూర్చునేంత చోటిచ్చాడు.

"ఎవలొచ్చిండ్రు బాపు?" అన్నాను.

ఆయన అరచేత్తో ఆ చోటును తట్టాడు. నాకు భయమేసింది. అంతకంటే ముందు ఉక్రోషం వచ్చింది. నీళ్లు పోసి, అన్నం తినిపించి, ఎండాకాలమంతా ఆ పరుపు పక్కన బండ మీద కూర్చున్నది నేను. నా కోసం ఎప్పుడూ ఇట్లా పక్కకు జరగలేదు.