ఆ జల్లెడ విస్తరి నాది

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు చాయ్‌తో పాటు ఒక కథ కూడా పోస్తారు. భద్రాచలం తమ్ముడు ఫైలు సేవ్ చేయడం మరిచిపోయాడని, దాంతో విస్తరాకుల మిషన్ కాస్తా జల్లెడలు చేసే మిషన్ అయిందని ఆ కథ. చెప్పేవాళ్ళు మారినకొద్దీ అది పెరుగుతూ వచ్చింది. ఈ మధ్య విన్నప్పుడు మిషన్‌లోంచి పొగ కూడా వచ్చింది. పొగ రాలేదు. నేను అక్కడే ఉన్నాను. తమ్ముడు సేవ్ చేయడం మరిచిపోనూ లేదు. ఆ పని చెడగొట్టింది నేను. ఆఫీసులో నోటితో ఒకసారి ఒప్పుకున్నాను గానీ, నోటి మాటకన్నా కథకు కాళ్ళు ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

మాది ఖమ్మంలో హార్డ్‌వేర్ దుకాణం మీద రెండు గదుల డిజైన్ ఆఫీసు. చిన్న చిన్న మిషన్లకు కంప్యూటర్ మీద బొమ్మలు గీసి, తయారు చేయించి ఇస్తాం. సారుది మధిర. గీసేవాళ్ళం ముగ్గురం. అందరికన్నా పెద్దవాణ్ణి నేను. రెండో మనిషి ఒక అమ్మాయి, ఊళ్ళో తాతల కాలం నుంచీ లేత్ పని చేసే కుటుంబం ఆమెది. మా మిషన్ల ఇనుప అచ్చులు వాళ్ళ నాన్న దగ్గరే చేయిస్తాం. వాళ్ళ నాన్నను అబ్బా అని, నన్ను భయ్యా అని పిలుస్తుంది. మూడో మనిషి తమ్ముడు. భద్రాచలం అవతల అడవి పల్లెలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి వచ్చాడు. ఇంట్లో మాట్లాడేది కోయ భాష. నన్ను అన్నా అంటాడు.

ముగ్గురం ఒకే మిషన్ మీద పని చేసేటప్పుడు పెద్ద చిక్కు ఫైళ్ళతోనే. ఒకరు పాదంతో తొక్కే పెడల్ గీస్తారు, ఒకరు చట్రం, ఒకరు అచ్చులు. ఇవన్నీ కలిసే పెద్ద ఫైలు ఒకటి ఉంటుంది, దాన్ని మెయిన్ ఫైలు అంటాం. అది అందరికీ అందేలా ఒక ఉమ్మడి కంప్యూటర్‌లో ఉంటుంది. మొదట్లో ఎవరికి వాళ్ళం కాపీ తీసుకొని మార్చుకునేవాళ్ళం. అలా 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్', 'ఇది తెరవకండి' అని ఒకే మిషన్‌కు నలుగురు అన్నదమ్ములు పుట్టారు. ఒక రోజు సారు ఆ నలుగురిలో ఏది అసలుదో తెలియక, గల్లీలో తప్పిపోయిన పిల్లాడిలా స్క్రీను ముందు నిలబడ్డారు.

మర్నాడు ఆయన మధిర నుంచి ఒక వెదురు చక్రం పట్టుకొచ్చారు. గంప మూతి అంత ఉంటుంది. వాళ్ళ నాన్నగారు రైల్వేలో పని చేశారట. ఆ రోజుల్లో ఒకే పట్టా ఉన్నచోట, స్టేషన్ వాళ్ళు ఇచ్చిన చక్రం చేతికి అందితే తప్ప డ్రైవరు బండిని కదిలించేవాడు కాదట. చక్రం ఒక్కటే కాబట్టి పట్టా మీద బండి కూడా ఒక్కటే.

"ఇది ఎవరి కుర్చీకి ఉంటే మెయిన్ ఫైలు వాళ్ళది. మిగతావాళ్ళు కాపీ తీసి చూసుకోండి, అంతే. లోపల మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే ఏమవుతుందో తెలుసుగా?" అన్నారు సారు.

"తెల్సు సార్. ఇప్పుడు చూస్తనే ఉన్నం గద," అంది అమ్మాయి నా స్క్రీను వైపు చెయ్యి చూపిస్తూ.

ఆ పద్ధతి చక్కగా కుదిరింది. "చక్రం ఇస్తవా?" "ఇంకో అర్ధగంట ఆగు" అనుకోవడం మాకు పలకరింపు అయిపోయింది. అమ్మాయి పండగకు సెలవు పెట్టి, చక్రం మెడలో వేసుకుని సగం దూరం పోయి, సిగ్గుపడుతూ వెనక్కి తెచ్చిన రోజు కూడా ఉంది.

అప్పుడే విస్తరాకుల మిషన్ పని వచ్చింది. తమ్ముడి వాళ్ళ అమ్మ, ఆ పల్లె ఆడవాళ్ళు సంఘం పెట్టుకుని మోదుగాకు విస్తళ్ళు కుట్టి భద్రాచలంలో అమ్ముతారు. కుట్టిన విస్తరిని వేడి అచ్చుల మధ్య నొక్కితే అంచు లేచి పళ్ళెంలా నిలబడుతుంది, ధర కూడా బాగుంటుంది. ఆ నొక్కే మిషన్ కావాలన్నారు. తమ్ముడు మొదటిసారి ముందుండి చేస్తున్న పని. చూసేది సొంత ఊరు. ఆ నెల అతను మాట్లాడిందంతా మోదుగాకు గురించే.

అసలు విషయం పై అచ్చుకూ కింది అచ్చుకూ మధ్య ఉండే సందు. మొదట మేం కాగితం పళ్ళేల మిషన్ లెక్కన గీశాం. తమ్ముడు ఇంటి నుంచి కుట్టిన విస్తళ్ళ కట్ట తెచ్చి, ఒక్కొక్కటీ నొక్కి చూసి, సందు చాలదన్నాడు. ఆకు మీద ఆకు, మధ్యలో పుల్ల కుట్టు. పుల్ల దగ్గర మందం పెరుగుతుంది, అక్కడే ఆకు తెగుతుంది. ఒక రోజంతా కూర్చుని చుట్టూ అంచు పొడుగునా సందు మార్చాడు. సేవ్ చేశాడు. సోమవారం ఇంకోసారి చూసి పంపుతానని చక్రం తన కుర్చీకే ఉంచి, బస్సెక్కి ఊరికి వెళ్ళాడు. పద్ధతి ప్రకారమే చేశాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి.

శనివారం నాకు పెడల్ దగ్గర ఒక రంధ్రం కొంచెం పక్కకు జరపాల్సి వచ్చింది. నా దగ్గర తమ్ముడు సందు మార్చకముందు తీసిన కాపీ ఉంది. చక్రం అతని కుర్చీకి వేలాడుతూ నన్నే చూస్తోంది. ఫోన్ చేస్తే అయిపోయేది. కానీ ఆ చక్రం పిల్లల కోసమని నా లోపల ఒక నమ్మకం. ఎన్నేళ్ళ నుంచి గీస్తున్నాను, ఒక్క రంధ్రానికి ఎవర్ని అడుగుతాను? కాపీలో రంధ్రం జరిపి, ఆ కాపీనే తీసుకెళ్ళి మెయిన్ ఫైలు స్థానంలో పెట్టాను. అదే పేరుతో ఒక ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టనా అని కంప్యూటర్ అడిగింది. పెట్టమన్నాను. అంతే. తమ్ముడి రోజు కష్టం నా ఒక్క వేలి కింద పోయింది. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, అన్నం తిని సుఖంగా పడుకున్నాను.

సోమవారం తమ్ముడి బస్సు ఆలస్యమైంది. లేత్ దుకాణం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. తమ్ముడు ఫైలు తెరవకుండానే ఉన్నదున్నట్టు వాళ్ళకు పంపించాడు. ఎందుకు తెరవలేదంటే, చక్రం తన కుర్చీకే ఉంది కాబట్టి. ఎవరూ ముట్టరని నమ్మాడు. దీన్ని అజాగ్రత్త అంటే నేను ఒప్పుకోను.

మిషన్ తీసుకుని ముగ్గురం పల్లెకు వెళ్ళాం. ఆడవాళ్ళు వాకిలి అలికి, మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, చుట్టూ కూర్చున్నారు. తమ్ముడు కొత్త చొక్కా వేసుకున్నాడు. వాళ్ళ అమ్మ కుట్టిన విస్తరిని అచ్చు మీద పెట్టి పెడల్ తొక్కాడు. తీసి చూస్తే అంచు చుట్టూ కుట్టు ఉన్న చోటల్లా తెగి, వెలుతురు కనిపిస్తోంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒక ముసలమ్మ ఆ విస్తరిని కంటికి ఆనించుకుని మా అందరినీ అందులోంచి చూసింది. కోయలో ఏదో అంది. వాకిలంతా నవ్వు. అది తగ్గిందనుకునేలోగా ఇంకొకామె ఏదో అంది, మళ్ళీ మొదలు.

"ఏమంటున్నరు తమ్ముడూ?" అని అడిగాను.

"మంచిగున్నది అంటున్నరన్నా," అన్నాడు తల ఎత్తకుండా.

వాళ్ళ అమ్మ మాకు అర్థమయ్యేలా తెలుగులో అంది: "ఇస్తరాకు అడిగితే జల్లెడ తెచ్చిండు నా కొడుకు. పోనీ తియ్, పిండి జల్లించుకుంట."

అమ్మాయికి కోపం వచ్చింది. "తప్పు మా అబ్బా దుకాణంల జరగలే. మా అబ్బా వెంట్రుక వాసి గూడ తప్పడు," అంటూ కొలిచింది. నిజమే, బొమ్మలో ఉన్నది ఉన్నట్టే చేశారు. తమ్ముడు ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ తెరిచాడు. పాత సందే ఉంది. నా కాపీలో ఉన్న సందు అది. శనివారం కళ్ళ ముందు తిరిగింది.

తిరుగు బస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు. "సేవ్ చేసిన అనుకున్ననన్నా. చెయ్యలేదేమో. ఊరికి పోవాలనే తొందరల ఉంటి," అన్నాడు. నేను భుజం తట్టి, "అయితది తమ్ముడూ, ఎవ్వరికైనా అయితది," అన్నాను. "నువ్వు గిట్ల అంటున్నవు గాబట్టి జర ధైర్యంగున్నదన్నా," అన్నాడు. ఆ ధన్యవాదం నేను జేబులో వేసుకున్నాను. ఫైలు చెడగొట్టడం తెలియక జరిగింది. ఇది తెలిసే చేశాను.

తర్వాత కొత్త అచ్చులు చేయించాం, మిషన్ బ్రహ్మాండంగా నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ జల్లెడ కథ మిగిలిపోయింది. కొత్తవాళ్ళు వచ్చారు, విన్నారు, నవ్వారు. తమ్ముడూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. అందరికన్నా గట్టిగా నవ్వేది నేను.

నిరుడు ఇప్పగింజల నూనె తీసే గానుగ పని వచ్చింది. చాలా పెద్దది. సగం మేము, సగం హైదరాబాద్‌లో ఇంకొక జట్టు గీయాలి. అంతమంది మధ్య వెదురు చక్రం తిరగదు. ఫైళ్ళకు ఒక కాపలా మనిషి కావాలి. ఏది అసలుదో చెప్పేది, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసేది, తయారీకి పంపేది అతనే. పని భద్రాచలంలో, గానుగ కట్టే షెడ్డులోనే. తమ్ముడు ఆ పని కోసం ప్రాణం పెట్టాడు. ఫైళ్ళకు పేర్లు ఎలా పెట్టాలో, పాతవి ఎక్కడ దాచాలో అడగకముందే అంతా ఆలోచించి సారుకు చెప్పాడు. అది దొరికితే అతను ఇంటి నుంచి పనికి వెళ్ళి రావచ్చు. దొరకకపోతే ఎప్పటికీ జల్లెడ తమ్ముడే.

ఒక మధ్యాహ్నం అందరం టిఫిన్ బాక్సులు తెరిచాం. సారు పెరుగన్నం కలుపుతూ నా వైపు తిరిగారు.

"ఏమయ్యా, ఆ కాపలా నువ్వే చూసుకో. తమ్ముడికి ఇద్దామనే ఉంది గానీ, హైదరాబాద్ వాళ్ళకి కూడా జల్లెడలు పంపిస్తే మన పరువేం కాను?"

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వి, ముద్ద కలుపుకున్నాడు. కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు.

"సార్, ఆ జల్లెడ నాది," అన్నాను.

"ఏంటి?"

శనివారం సంగతి చెప్పాను. రంధ్రం, కాపీ, కంప్యూటర్ అడగడం, నేను పెట్టమనడం. బస్సులో భుజం తట్టడం కూడా చెప్పాను. అది చెప్పడమే కష్టమైంది.

మొదట మాట వచ్చింది అమ్మాయికి. "యా అల్లా! భయ్యా, పల్లె నుంచి వచ్చిన తెల్లారి మా అబ్బా దుకాణం బంద్ పెట్టి అచ్చులు మళ్ళ మళ్ళ కొలిచిండు. నువ్వేమో మా ఇంట్ల కూసొని సేమియా తాగి పోయినవ్!"

"తాగిన," అన్నాను.

"రెండు గిలాసలు!"

తమ్ముడు బాక్సు మూత పెట్టేశాడు. అతనికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. "అన్నా, మా అమ్మ ఆ జల్లెడని గోడకు తగిలిచ్చుకున్నది, ఎరికేనా? నాకు సంబంధం చూడ వచ్చినోళ్ళకు గూడ చూపిచ్చింది. 'మా పిలగాడు చేసిండు' అని. వాళ్ళు మళ్ళ రాలే."

"దానికేనా రాంది?" అన్నారు సారు మెల్లగా.

"ఏమో సార్. వేరే వంక ఏమున్నది నాల?"

నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. అతని వల్ల కూడా కాలేదు. కానీ నవ్వుతూనే నా మొహంలోకి చూసి అన్నాడు: "నవ్వు వచ్చింది గని కోపం పోలేదన్నా. నువ్వే వచ్చి మా అమ్మకు చెప్పాలె. అందరి ముంగట."

సారు చెయ్యి కడుక్కుని వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డారు. "నేనూ అడక్కుండానే నమ్మేశాను. తప్పు నాది కూడా. కాపలా నీదేనయ్యా," అన్నారు.

ఆ ఆదివారం పల్లెకు వెళ్ళి చెప్పాను. తమ్ముడు నా మాటలు కోయలోకి మార్చాడు. నేను కొంచెం చెబితే అతను చాలాసేపు చెప్పాడు, ఏం కలిపాడో తెలియదు. వాళ్ళ అమ్మ లేచి, గోడ మీద ఎండి ముడుచుకున్న ఆ విస్తరిని తీసి నా చేతిలో పెట్టింది. "నీదేనట గద. తీస్కపో. మీ ఇంటామెకు చూపియ్," అంది. తెచ్చుకున్నాను. మా ఆవిడ కూడా పూర్తిగా విన్నది. ఆమె ఏమందో ఇక్కడ రాయనవసరం లేదు.

తమ్ముడి మీద నాకు ఇప్పుడు ఒక ఫిర్యాదు ఉంది. కాపలా మరీ గట్టిగా కాస్తాడు. మొన్న గానుగలో ఒక బోల్టు పొడుగు మార్చాల్సి వచ్చి ఫోన్ చేశాను.

"ఎందుకన్నా? బోల్టు మంచిగనే ఉన్నది గద."

"కొంచెం పొట్టిగైంది తమ్ముడూ. చిన్న పని, ఇప్పుడే ఇచ్చేస్త."

"హైదరాబాదోళ్ళ దగ్గరున్నది ఫైలు. పొద్దుగూకినంక ఇస్త. ఎందుకు మారుస్తున్నవో రాసి పంపు, చూస్త."

"నేను రాసి పంపాల్నా?"

"అందరు పంపుతున్నరన్నా."

రాసి పంపాను. ఇంకొంచెం వివరంగా రాయమని తిప్పి పంపాడు. మళ్ళీ రాశాను. పొద్దుగూకే దాకా పని లేదు కాబట్టి కిందికి దిగి చాయ్ తాగాను. అక్కడ ఇద్దరు కొత్త పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి, పొగ లేకుండా, కథ మొదటి నుంచీ చెప్పాను.