నువ్వుల డబ్బా

పాలు పొంగిన వాసన వస్తే ఇప్పటికీ నా కడుపు ముడుచుకుంటుంది.

బోధన్ దగ్గర మా ఊళ్లో అమ్మ రోజూ పొద్దున్నే ఆవు పాలు గ్లాసెడు ఇచ్చి, అయ్యేదాకా నా ముందే నిలబడేది. కాసేపటికే కడుపు మెలిపెట్టి వాంతయ్యేది. మూతి తుడిచి మళ్లీ పోసేది.

“తాగు బిడ్డా. పాలు తాగకపోతే బొక్కలు పిప్పి అయితయ్.”

మేము నమిలి వాకిట్లో ఊసిన చెరకు పిప్పి కళ్లముందే ఉండేది. అందుకే పడుకునే ముందు మోకాలి కింద ఎముకను వేలితో నొక్కి చూసుకునేదాన్ని, మెత్తబడిందేమోనని.

అటక మీద నువ్వుల డబ్బా ఉండేది. అడిగితే, “నువ్వులు వేడి చేస్తయ్. సద్దుల బతుకమ్మకే తీస్త,” అనేది అమ్మ. ఆ ఒక్కరోజు నువ్వుల ముద్దలు కడుపునిండా తినేదాన్ని. ఏమీ అయ్యేది కాదు. మర్నాడు మళ్లీ పాలే.

నా కూతురికీ పాలు పడవు. మొన్న అమ్మను వెంటబెట్టుకుని పాపను నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించాను. “పాలే తాగాలని ఏం లేదమ్మా. నువ్వులు, రాగులు, ఆకుకూరలు రోజూ పెట్టండి. ఎముకలకు అవి చాలు,” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నా వైపు తిరిగింది.

“గీ మాట గప్పుడు నాకెవ్వరు చెప్పలే బిడ్డా.”

ఇంటికి రాగానే అమ్మ డబ్బా దించి, నువ్వులు వేయించి, బెల్లంతో దంచింది. పాప చేతిలో ఒక ముద్ద పెట్టింది. నా చేతిలో ఒకటి పెట్టి, నేను తినడం అయ్యేదాకా నా ముందే నిలబడింది.