అయ్యగారి కారు, నాలుగో కొమ్ము

ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే మా మేస్త్రీ చాచా అంటేనే ఒక పాలు ఎక్కువ భయం. దేవుడు క్షమిస్తాడని మా అమ్మ ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ చెప్పేది గానీ, చాచా గురించి అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. ఐటీఐ ముగించి నంద్యాలలో ఆయన కార్ల షెడ్డులో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. చేతిలో సర్టిఫికెట్, నెత్తిన పొగరు, ఏ తప్పు చేసినా ఎవరూ చూడకముందే సర్దేయగలనన్న నమ్మకం. (నన్ను ముంచింది ఈ చివరిదే.)

ఆళ్లగడ్డలో ఒక పెద్దావిడ ఉండేది. పాస్టరుగా పనిచేసి పోయిన అయ్యగారి భార్య, ఊరందరికీ అమ్మగారు. అయ్యగారి పాత అంబాసిడర్ ఆమె ఇంటి ముందు రేకుల కింద ఏళ్ల తరబడి పడి ఉంది. మనవరాలి పెళ్లి నంద్యాల చర్చిలో కుదిరేసరికి, పెళ్లికూతురు తాత కారులోనే పోవాలని ఆమె పట్టుబట్టింది. ఇంజను పని చాచా చేశాడు. మిగిలింది బంపరు. ముందు రెండు, వెనక రెండు, బంపరు మీద నిలువుగా నిలబడే ఇనుప దిమ్మెలుంటాయి చూడండి, మా షెడ్డులో వాటిని కొమ్ములనేవాళ్లం. తుప్పు పట్టిపోయాయి, కొత్తవి తెచ్చి బిగిద్దామని చాచా అంటే ఆమె ఒప్పుకోలేదు. "అయ్యగారు దినామూ చేత్తో తుడిచిన ఇనుము మేస్త్రీ అది. వేరేది పెడితే నేను బండెక్కను, పిల్లనూ ఎక్కనియ్యను" అంది. చాచా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నా జబాన్ అమ్మగారూ, ఒక్క నట్టు గూడా మారదు" అని మాటిచ్చేశాడు.

పెళ్లి ముందురోజు, పాలిష్ అయి వచ్చిన నాలుగు కొమ్ములనూ గోతంలో వేసి నా చేతికిచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కించాడు. "ఒళ్లో పెట్టుకోని కూచో" అన్నాడు. నేను కూర్చున్నాను, కానీ గోతాన్ని సీటు కింద పెట్టాను. కిటికీ గాలికి కన్నంటుకుంది. శిరివెళ్ల వచ్చింది కూడా తెలియదు. ఆళ్లగడ్డలో కండక్టరు అరుపుకు ఉలిక్కిపడి గోతం లాక్కుని దిగాను. అమ్మగారి వాకిట్లో విప్పితే మూడే ఉన్నాయి. గోతానికి మూల చిరుగు, నాలుగోది అందులోంచి జారిపోయినట్టుంది. బోల్టులు మాత్రం నా జేబులో భద్రంగా ఉన్నాయి.

పరుగున బస్టాండుకు పోయాను. "అది కడప బస్సప్పా, ఈపాటికి యాడుందో" అన్నారు. అంతలో చాచా ఫోను. "సామాను చేరిందా?" అన్నాడు. "చేరింది చాచా" అన్నాను. (ఎంత చేరిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.) అమ్మగారికి తెలిస్తే బండెక్కదు. బండెక్కకపోతే చాచా మాట పోతుంది. మాట పోగొట్టుకున్న చాచా నన్ను షెడ్డు గడప తొక్కనివ్వడు. ఒక్క మాట చెప్పేస్తే పోయేదే, ఆ రాత్రికి ఏదో దారి చూసేవాళ్లు. కానీ నేను ఫోను జేబులో పడేసుకున్నాను.

అక్కడే ఐటీఐలో నాతో చదివిన గుండుగాడు కనిపించాడు. వాళ్ల నాయన ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. నా ఏడుపు విని వాడు, "మా నాయనకు సూపిచ్చురా, ఏదన్నా నకలు దింపుతాడు" అన్నాడు. నాకది గొప్ప ఉపాయంగా తోచింది! ఆ పెద్దాయన ఉలి పక్కన పెట్టి, నేనిచ్చిన కొమ్మును అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి మొగం లేదు, నగలు లేవు, చేతి ఏళ్లు గూడా లేవు గదప్పా. ఇదేం పని! దుడ్లేమొద్దులే" అన్నాడు. పొద్దుగూకే లోపల నల్లరాయితో అచ్చం అదే కొమ్మును చెక్కి, బెజ్జం వేసి, విరిగిన విగ్రహాలను అతికించే లప్పంతో మా బోల్టును అందులో నిలబెట్టాడు. పైన వెండి రంగు పూశాం. దూరం నుంచి చూస్తే ఇనుమే. దగ్గరికొస్తే మాత్రం నిగనిగ లేదు. అందుకని దాన్ని వెనక ఎడమవైపు బిగించి, తెల్లవారుతూనే నాలుగు కొమ్ములకూ బంతిపూల దండలు మందంగా చుట్టేశాను.

"ఏందిరా ఇంత భక్తి?" అన్నాడు అప్పుడే నంద్యాల నుంచి దిగిన చాచా. నేను దండను ఇంకోసారి బిగించి కట్టాను. అమ్మగారు వచ్చి కారు చుట్టూ తిరిగి, "పూలు తీసి ఒకటి సూపిచ్చు నాయనా" అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ముందువైపు కొమ్ము విప్పి చూపించాను. అందులో తన ముఖం చూసుకుని, చీర కొంగుతో ఒకసారి తుడిచింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు భయం పోయి సిగ్గు వచ్చింది. సిగ్గు భయం కంటే బరువని అప్పుడే తెలిసింది.

చాచా స్టీరింగు పట్టాడు, పక్కన నేను, వెనక అమ్మగారూ పెళ్లికూతురూ. ఊరు దాటకముందే వెనక నుంచి టక్, టక్ అని చప్పుడు. "ఏందిరా ఆ సప్పుడు?" అన్నాడు చాచా. "పూలు చాచా" అన్నాను. "పూలు సప్పుడు జేస్తాయా?" అని నావైపు ఒక చూపు చూశాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చదివాను, చిన్నప్పుడు అన్నం ముందు చదివేదాంతో సహా.

శిరివెళ్ల దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చి చాచా బ్రేకు వేశాడు. వెనక వస్తున్న ఆటో ఆగలేక ధన్‌మని గుద్దింది. అందరం దిగాం. ఆటో ముందు భాగం లోపలికి పోయింది. దండ తెగి, రంగు లేచి, రాతి కొమ్ము నల్లగా, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. "ఏం పెట్టినారప్పా దీనికి? నా బండి మొగం పాయ!" అని ఆటో అతను నెత్తి బాదుకున్నాడు. చాచా వంగి గోటితో గీకి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. అయితే ఆయన నిటారుగా నిలబడి, "నేనే పెట్టిచ్చినానమ్మగారూ" అన్నాడు.

"నలభై ఏండ్లు మొగునితో కాపరం జేసినా మేస్త్రీ. అబద్ధం చెప్పే మొగోని మొగం నాకు తెల్దా?" అని ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా."

రోడ్డు మీద, గొర్రెల మధ్య, బస్సులో నిద్రతో మొదలుపెట్టి వెండి రంగు దాకా అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా. పెళ్లికూతురు గడియారం చూసుకుంటోంది. అమ్మగారు, "ఎవరు చెక్కినారు?" అంది. గుండుగాడి నాయన పేరు చెప్పాను.

ఆమె వంగి ఆ రాయి మీద అరచెయ్యి ఆనించింది. "అయ్యగారి సమాధి రాయి చెక్కింది ఆయప్పే" అంది. లేచి, "అయ్యగారుంటే దీని మీద ఒక ఆదివారమంతా ప్రసంగం జెప్పేటోడు. పాండి, టైమైతాంది" అని వెళ్లి కారెక్కి కూర్చుంది.

చర్చిలో పాటలు వినిపిస్తుంటే బయట నేనూ చాచా కారుకు ఆనుకుని నిలబడ్డాం. తిడతాడని చూస్తున్నాను. తిట్టలేదు. వంగి ఆ కొమ్మును కదిపి చూసి, "రాయికీ బంపరుకూ మధ్యన వాషరేసినావా?" అన్నాడు. "రబ్బరు వాషరేసినా చాచా" అన్నాను. "అందుకే పగల్లేదు" అన్నాడు. రేపు షెడ్డుకు రావచ్చని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డుంది. చాచా లేడు, అమ్మగారూ లేదు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పడం కంటే బండరాయిని చెక్కించడమే సులువనుకున్న ఆ ఇరవయ్యొక్కేళ్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "చెప్పెయ్‌రా, ఏం కాదు" అనాలనిపిస్తుంది. వినడని తెలుసు.