మాటలను నడిపించిన మేడం

మొన్న చిక్కడపల్లి నుంచి ఫోనొచ్చింది. మా ఇంగ్లీషు మేడం నిద్రలోనే పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. ఫోను పెట్టేశాక వంటింట్లోకి ఎందుకు వచ్చానో గుర్తు రాలేదు. మనసంతా తొంభైల నాటి అశోక్‌నగర్ సందుల్లో తిరుగుతోంది.

నేను తెలుగు మీడియంలో డిగ్రీ చదివాను. మొదటి ఇంటర్వ్యూలో నోరు పెగలక ఏడుస్తూ వస్తే, అమ్మ నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది. మేడం పుస్తకం తియ్యలేదు. చెప్పులేసుకుని పదమన్నారు. పొద్దు వాలే వేళ సందులో మాటలను నడిపించడమే ఆవిడ పాఠం. మాటలోని ఒక్కో ముక్కకు ఒక్కో అడుగు. ఊనిక పడే ముక్క దగ్గర మడమ గట్టిగా ఆనించి కాస్త ఆగాలి.

ఫొటోగ్రాఫ్‌కు మొదటి అడుగు బరువు, ఫొటోగ్రఫీకి రెండోది. ఒకే ఇంట పుట్టిన మాటలు ఇంత వేరుగా నడుస్తాయా అని వింతగా ఉండేది. తెలుగులో ముక్కలన్నీ భోజనాల బంతిలో కూర్చున్నవాళ్లలాంటివని, అందరికీ ఒకేలా వడ్డిస్తామని మేడం అనేవారు. ఇంగ్లీషులో ఒకరికి నెయ్యి ఎక్కువట.

ఆటోవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. నాకు సిగ్గేసేది. ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడ్డ వాళ్లతో కూరల సంగతి మాట్లాడుతూనే, నా అడుగు తప్పితే చిటికె వేసేవారు. దీపాలు వెలిగే ఆ వేళకు అవి పరాయి మాటలన్న సంగతే మరిచిపోయేదాన్ని. కలలో నడుస్తున్నట్టుండేది.

అంతలో నారాయణగూడ ఫొటో స్టూడియోలో రిసెప్షనిస్టు కావాలని తెలిసింది. నాన్న అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. ఇదీ పోతే ఇక ఇంట్లోనే అన్నారు. మేడం తోడొచ్చారు. మెట్ల దగ్గర నేను ఆగిపోతే భుజం మీద చెయ్యేశారు.

"పరేషాన్ గాకు బిడ్డా. తప్పు మాట్లాడినా మంచిదే. ఊకె కూసొని మాత్రం రాకు."

పైన ఇంటర్వ్యూలో, బల్ల కింద మడమ ఆనిస్తూ, ఆగుతూ, మాట్లాడాను. నాకూ ఒక గొంతుందని ఆ రోజే తెలిసింది. అది ఆవిడ పెట్టిన భిక్షే. సోమవారం నుంచి రమ్మన్నారు.

కిందికొచ్చేసరికి మేడం రోడ్డుకవతల నిలబడి ఉన్నారు. తల మీద కొంగు, మూసిన కళ్లు, మొహం కొంచెం పైకెత్తి. దగ్గరికెళ్లి మేడం అని పిలిచాను.

"అంత ఇనవడ్డది బిడ్డా. ఒక్క ముక్క పోకుండ."

స్టూడియో పై అంతస్తులో ఉంది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. మా పక్కనుంచి బస్సులు హారన్లు కొడుతూ పోతున్నాయి. కిందికి చూస్తే, నేను పైన ఆనించినట్టే ఆవిడ మడమ నేలకు ఆనుతూ, ఆగుతూ ఉంది. ఆవిడ ఇంకా కళ్లు తెరవలేదు.