తెల్ల సున్నాలు, నల్ల సున్నాలు

మా ఆయన గూడూరులో ఒక మైకా కంపెనీలో గుమాస్తాగా పనిచేసేవారు. మేం ఉండేది కోట అనే ఊళ్లో. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేవారు. పగలంతా ఇంట్లో నేనూ మా అత్తా. నాకు అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఎత్తకుండా జాగ్రత్తపడుతున్నారని నాకు తెలుస్తూనే ఉండేది. నెల తిరిగేసరికి గుండెలో దడ మొదలయ్యేది. అలాంటి రోజుల్లో, ఎక్కడో జపాను దేశంలో కుస్తీ పట్టే ఒక లావుపాటి మనిషి గురించి నేను బెంగ పెట్టుకున్నానంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

మైకా కొనడానికి ఏడాదికొకసారి, చలికాలంలో, జపాను నుంచి ఒకాయన వచ్చేవాడు. గూడూరు హోటల్లో కారం తినలేక అవస్థ పడుతున్నాడని మా ఆయన ఒక ఆదివారం భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు. పెరుగన్నం, అరటిపండు తిన్నాడు. తిన్నంతసేపూ మొహం దిగాలుగానే ఉంది. వంట బాగలేదేమోనని నేను తలుపు వెనక నిలబడి మథనపడుతున్నాను. మా ఆయన ఇంగ్లీషులో అడిగితే అసలు సంగతి చెప్పాడు. వాళ్ల దేశంలో సూమో అని ఒక కుస్తీ ఉందట. ఏడాదికి ఆరు పోటీలు, ఒక్కో పోటీ పదిహేను రోజులు. ఇప్పుడు ఒకటి జరుగుతోంది. వాళ్ల ఊరి జాలరి కొడుకు అందులో ఉన్నాడు. నిన్న ఏమైందో, ఈ రోజు ఏమవుతుందో తెలియక ఆయనకు అన్నం సయించడం లేదు.

జేబులోంచి ఫొటో తీసి చూపించాడు. నెత్తిన కొప్పు, నడుముకు గోచీ లాంటి పట్టీ, ఇంత పొట్ట. మా అత్త ఫొటోను దూరంగా పట్టుకుని చూసి, "నిండు చూలాలి మాదిరి ఉండాడే," అంది. అని, నా వైపు చూసి నాలిక కరుచుకుంది.

భోజనమయ్యాక ఆయన పెరట్లోకి పోయి, వామిలోంచి వరిగడ్డి లాగి తాడు పేనాడు. అచ్చం మన రైతుల్లాగే పేనడం చూసి అత్త ముక్కున వేలేసుకుంది. ఆ తాడును నేల మీద గుండ్రంగా పరిచాడు. ఇద్దరూ దీని లోపల తలపడతారు. తాడు దాటి కాలు పడినా, పాదాలు తప్ప ఒంట్లో ఇంకేది నేలకు తగిలినా ఓడినట్టే. చాలాసార్లు నాలుగు ఊపిర్లు తీసేలోపు అయిపోతుంది. దిగే ముందు గుప్పెడు ఉప్పు చల్లుతారు. ఉప్పు సంగతి మాత్రం అత్తకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. దిష్టికి అంది.

నేను మా ఆయన చేత ఒక్కటే అడిగించాను, ఓడిపోతే ఏమవుతుందని. ఒక్క ఓటమికి ఏమీ కాదట. పదిహేనింటిలో ఎనిమిది గెలిస్తే ఉన్న మెట్టు నిలుస్తుంది, పైకి కూడా పోవచ్చు. ఏడే గెలిస్తే కిందికి దిగాలి. వాళ్ల ఊరివాడికి కుడి మోకాలు మంచిది కాదు. ఎప్పుడూ ఏడుకీ ఎనిమిదికీ మధ్యనే ఊగుతుంటాడు.

ఆయన వెళ్లాక ఉత్తరాలు మొదలయ్యాయి. పోటీ ముగిసిన ప్రతిసారీ ఒక ఇంగ్లీషు ఉత్తరం, దానితో పాటు వాళ్ల పత్రికలోంచి కత్తిరించిన ఫలితాల కాగితం వచ్చేవి. ఒక్కో పేరుకు ఎదురుగా వరసగా పదిహేను సున్నాలు. తెల్ల సున్నా గెలుపు, నల్ల సున్నా ఓటమి. పేర్లు వాళ్ల అక్షరాల్లో ఉండేవి. మావాడి పేరు పక్కన ఆయన ఎర్రగా గీత గీసి పంపేవాడు. 'మావాడు' అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు. రెండు మూడు ఉత్తరాలయ్యాక గీత లేకపోయినా పేరు పట్టగలిగాను. మొదటి అక్షరం చిన్న నిచ్చెనలా ఉండేది.

మొదటి ఉత్తరం మా ఆయన గబగబా చదివేసి, ఎనిమిది గెలిచాడని చెప్పేశారు. నాకు చేతిలోది ఎవరో లాక్కున్నట్టయింది. రెండోదానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఉత్తరం ఆయన చదువుకోవచ్చు గానీ నాకేమీ చెప్పకూడదు, మొహంలో కూడా కనిపించనివ్వకూడదు. నేను ఎటో చూస్తుంటే ఆయనే సున్నాల వరస మీద అట్టముక్క కప్పి, దారంతో కట్టి కాగితం నాకివ్వాలి. రోజూ పొద్దున పొయ్యి వెలిగించాక అట్టను ఒక్క సున్నా మేర జరిపేదాన్ని. అక్కడ ఎప్పుడో అయిపోయిన పోటీ మా వంటింట్లో పదిహేను రోజులు జరిగేది. నల్ల సున్నా వచ్చిన రోజు పప్పులో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. అత్త చూసీ చూడనట్టు తన పని తాను చేసుకునేది. నా ఒంటి గురించిన భయం మాత్రం ఆ పదిహేను రోజులూ కాస్త పక్కకు జరిగి కూర్చునేది. ఏడాదికి ఆరు పదిహేన్లు నాకు అలా గడిచాయి.

ఉత్తరాలు మొదలైన మూడో ఏడు చైనాతో యుద్ధం వచ్చింది. పంచాయతీ రేడియో దగ్గర జనం గుమిగూడి వార్తలు వినేవాళ్లు. కొత్త మనిషి బస్సు దిగితే చాలు, చుట్టూ చేరి ఊరూ పేరూ అడిగేవాళ్లు. సెప్టెంబరు పోటీ కాగితం సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటికి వచ్చింది. అట్ట పన్నెండో సున్నా దాకా జరిగింది. ఆరు తెలుపు, ఆరు నలుపు. మిగిలిన మూడింట్లో రెండు గెలవాలి. ఆ పొద్దున నేను చన్నీళ్లు పోసుకుని వచ్చి, పదమూడోది చూద్దామా వద్దా అని తటపటాయిస్తుండగా వాకిట్లో కానిస్టేబులు పిలిచాడు.

"ఏమీ అనుకోబాకమ్మా. మీ ఇంట్లో చైనా కాయితాలు ఉండాయంట. ఎస్సైగారు తెమ్మన్నాడు," అన్నాడు.

ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఉత్తరాలూ కాగితాలూ దాచిన రేకు పెట్టె, అట్ట కట్టిన ఈ కొత్తదీ తీసుకున్నాడు. బస్సుకు బయల్దేరుతున్న మా ఆయన్ను కూడా రమ్మన్నాడు. కవర్ల మీద ఉన్నది ఆయన పేరు. కాగితాలు నావి. నేనూ వస్తానన్నాను. ఆడవాళ్లు స్టేషన్ గడప తొక్కితే ఇంటికి మచ్చ అని అత్త అడ్డం పడింది. ఆవిడ మాట దాటింది జీవితంలో ఆ ఒక్కసారే.

స్టేషన్లో ఎస్సై కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. నడివయసు మనిషి, కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. ఇవి ఏ అక్షరాలని మా ఆయన్ను అడిగాడు. జపాను అక్షరాలని చెప్పారు. చైనావాళ్ల రాత ఎలా ఉంటుందని అడిగాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి, వాళ్లు రాసేవీ ఇంచుమించు ఇవే అని చెప్పేశారు. ఎస్సై కలం కింద పెట్టాడు. ప్రతి వరసలో పదిహేనే ఎందుకున్నాయి, రెండు నెలలకొకసారే ఎందుకొస్తాయి, ఈ ఎర్ర గీత ఎవరిది అని ఒకదాని మీద ఒకటి అడుగుతున్నాడు. ఉద్యోగం పోతుందని నాకు తెలిసిపోయింది. ఉద్యోగంతో వదిలిపెడతారో లేదో అదే తెలియలేదు.

ఇది కుస్తీ పోటీ అని నేను చెప్పాను. ఎస్సై నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు.

"ఆడమనిషివి. కుస్తీతో నీకేం పని?"

"పట్టేది నేను గాదు సార్. భయపడేది నేను," అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియడం లేదు.

కొత్త కాగితం తీసి, దీన్ని ఎందుకు కప్పి పెట్టారని దారం లాగాడు. నేను చటుక్కున గోడ వైపు తిరిగాను. గుట్టు బయటపడుతుందని బెదిరాననుకున్నాడు.

"ఎందుకు మొహం తిప్పుకుంటా ఉండావు?"

"కడపటి మూడు నేనింకా చూడలేదు సార్."

కాగితం వచ్చి ఇన్నాళ్లయితే చూడకపోవడమేమిటన్నాడు. అట్టను రోజుకొకటి జరుపుకునే సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే పిచ్చిదాని మాటల్లా అనిపించాయి. మా ఆయన్ను చూశాడు. ఆయన తల ఊపారు. ఎస్సై అట్టను మళ్లీ వరస మీద పెట్టాడు. నన్ను ఇటు తిరగమన్నాడు. తనే ఒక్క సున్నా మేర జరిపాడు.

నల్లది.

ఆరు, ఏడు. ఇంకొక్కటి ఓడితే అయిపోయింది. ఆయన అట్ట జరిపాడు. తెల్లది. ఏడు, ఏడు. కానిస్టేబులు కూడా బల్ల మీదికి వంగాడు. కడపటిది జరిపేసరికి అక్కడ సున్నా లేదు. నల్లటి గడి ఉంది, నలుచదరంగా.

"ఇదేంది? సున్నాలన్నావే."

నేను అలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఎస్సై గొంతు మళ్లీ గట్టిపడింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. అప్పుడు మా ఆయన నేల చూస్తూ, మెల్లగా అన్నారు.

"పద్నాలుగో రోజు గెలిచేటప్పుడే మోకాలు పోయినాది సార్. పదిహేనో రోజు దిగలేకపోయినాడు. దిగకుండా ఓడితే గడి వేస్తారంట. ఉత్తరంలో ఉండాది, చూడండి."

ఎస్సై ఉత్తరం చదువుకున్నాడు. నేను అక్కడే, ఇద్దరు పోలీసుల ముందు ఏడ్చాను. మావాడి కోసమా, వచ్చిపడిన ఆపద కోసమా చెప్పలేను. ఈ గడి సంగతి మా ఆయన పన్నెండు రోజులుగా ఎరుగుదురు. నేను అట్ట జరిపి తెల్లది రాగానే సంబరంగా చెబితే, అలాగా అని విని బస్సుకు పోయేవారు.

"ఏడేనా అయితే," అన్నాడు ఎస్సై. తర్వాత మా ఆయన్ను వెళ్లమన్నాడు. కాగితాలు మాత్రం నెల్లూరు పంపాలని, చెప్పకుండా ఊరు దాటొద్దని చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. "గెలిచినాడా?" అని అడిగింది. ఏడే అని చెప్పాను. అరుగు మీద కూర్చుండిపోయి, ఆ తర్వాత అడిగింది స్టేషన్లో ఏమన్నారని.

యుద్ధం ఆగినా మా భయం ఆగలేదు. సైకిలు గంట వినిపిస్తే చేతిలో గిన్నె జారేది. గూడూరు పోవడానికి మా ఆయన రోజూ స్టేషన్లో చెప్పి బస్సెక్కేవారు. కంపెనీ యజమాని ఆయన్ను కొన్నాళ్లు ఉత్తరాల పని నుంచి తప్పించాడు. పక్కింటివాళ్లు మజ్జిగకు రావడం మానేశారు. ఇక ఏమీ పంపవద్దని మా ఆయన జపానుకు రాశారు. మామిడి పూత రాలే రోజుల్లో పెట్టె తిరిగొచ్చింది. ప్రతి కాగితం మీదా ఊదారంగు ముద్ర. ఎవరూ ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ చలికాలం జపాను ఆయన రాలేదు. మరుసటి ఏడు వచ్చాడు. అప్పటికి మాకు అమ్మాయి పుట్టి నాలుగు నెలలు. పిల్లను ఒళ్లో పెట్టుకుని మావాడి సంగతి చెప్పాడు. మెట్టు దిగి, మరో రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాడట. మానుకునేటప్పుడు ఆ కొప్పు కోస్తారు. దగ్గరివాళ్లంతా తలా ఒక కత్తెర గాటు వేస్తారు. ఈయనా వేశాడట. ఇప్పుడు ఊళ్లో తండ్రితో పడవ మీద పోతున్నాడు. నొప్పి తగ్గిందా అని అడిగించాను. తగ్గలేదు గానీ నవ్వుతున్నాడని చెప్పాడు.

ఇక ఎవరి కోసం కాగితం తెప్పించుకోవాలో నాకు తోచలేదు. ఆయన సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీశాడు. మల్లుల పేర్లన్నీ మెట్ల ప్రకారం రాసి ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలు, దిగేకొద్దీ సన్నబడి, అడుగున చీమల బారులా ఉన్నాయి. నేను పై వరసల్లో వెతుకుతుంటే అత్త వచ్చి అట్టడుగున వేలు పెట్టింది.

"ఈణ్ణి పెట్టుకో. కిందుండే వాడు ఇంగ యాడికి పడతాడు?"

జపాను ఆయన కళ్లజోడు పైకెత్తి ఆ పేరు కూడబలుక్కున్నాడు. కింది వరసలవాళ్లకు ఏడు కుస్తీలే ఉంటాయని, వాళ్ల ఫలితాలు తన పత్రికలో రావని, అయినా కనుక్కుని చేత్తో రాసి పంపుతానని చెప్పాడు. అన్నట్టే నాలుగేళ్లు పంపాడు. ఆ కుర్రవాడు ఒక మెట్టెక్కితే రెండు దిగేవాడు. ఉత్తరం వచ్చినప్పుడల్లా అత్త మనవరాలిని చంకనేసుకుని వచ్చి నా పక్కన కూర్చునేది. మైకా ఆర్డర్లు తగ్గిపోయి, ఆయన రావడమూ రాయడమూ ఆగిపోయిన ఏడాది, వాడు ఏడింట్లో అయిదు గెలిచి ఉన్నాడు.