వంకాయ రంగు వచ్చేదాకా

మద్రాసులో ఇంజనీరింగు డిప్లొమా ముగించుకుని మదనపల్లెలోని మా ఇంటికి వస్తున్నాను. యుద్ధం వల్ల పెట్రోలు దొరకక, పుంగనూరులో బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాను. పురిటి నొప్పులు పడుతున్న ఓబులమ్మను ఆమె భర్త మునెప్ప అదే బస్సులో మదనపల్లె మిషన్ ఆసుపత్రికి తీసుకువెళుతున్నాడు.

సగం దారిలో, వెనుక చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే ఉక్కు చీల తెగిపోయింది. డ్రైవరు పెట్టెలో విరిగిన స్ప్రింగు పట్టా ముక్క ఒకటి ఉంది. బస్సు బొగ్గునే రాజేసి, దాన్ని కాల్చి కోసి, ఆకురాయితో అరగదీశాను. మళ్ళీ ఎర్రగా కాల్చి, ఒక ప్రయాణికురాలి వేరుశనగ నూనెలో ముంచాను. అలా గట్టిపడిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. మరోసారి సన్నని సెగ చూపితేనే దెబ్బకు ఓర్చుకుంటుంది. ఆ సెగ ఎంత తగిలిందో ఉక్కు మీద తేలే రంగే చెబుతుంది.

"కాల్చింది సాలక ఇంకా కాలుస్తాండావా? ఆడ నా పెండ్లాం సస్తాండాది!" అన్నాడు మునెప్ప.

"వంకాయ రంగు రావాలప్పా. ఇప్పుడే బిగిస్తే మిట్ట ఎక్కేటప్పుడు విరుగుతుంది."

"కూర వండుతాండావా నువ్వు?" అంటూ నా చొక్కా పట్టుకున్నాడు.

బస్సులోంచి ఓబులమ్మ మూలుగుతూనే, "ఉండనీ మామా, సంగటైనా మగ్గకుండా దించుతామా?" అంది.

అతను చెయ్యి వదిలాడు. చీల మీద తేలిన లేత పసుపు, గోధుమ రంగైంది, గోధుమ రంగు వంకాయ రంగైంది. బిగించాం. మదనపల్లె చేరేదాకా నా చెవి ఆ చక్రం మీదే ఉంది.

ఆ రంగుల వరుసను పరీక్షకోసం బట్టీ పట్టాను. వాటికోసం ఎదురుచూడటం ఎంత కష్టమో ఆ రోడ్డు మీదే తెలిసింది.

నేను కాచుకుని ఉన్న ఆసుపత్రి వరండాలోకి మునెప్ప పరుగున వచ్చాడు. "ఆడబిడ్డప్పా! పుట్టగానే వంకాయ రంగే. ఇప్పుడు ఎర్రగుండాది!"